బిడ్డా, ఈసారి ఏదీ దాచను

తిప్పర్తి మండలం, నల్లగొండ జిల్లా
డిసెంబరు

బిడ్డకు నాయిన ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అంటే ‘ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెట్టడం మనకు అలవాటు. పోయిన ఏడాది నీ పరీక్షలప్పుడు అదే మాట రాసి, పేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన సంగతి నీకు చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత మీ మేనత్త నోట విని నువ్వు ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవిలోనే ఉంది. “నన్ను పరాయిదాన్ని చేశావు నాయినా” అన్నావు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఫోన్‌లో అయితే పక్కన మీ అమ్మ ఉంటుంది, నాకేమో మాట దాటేసే అలవాటు.

చేతికి ఎక్కించిన కీమో కొన్నాళ్లు పని చేసి తర్వాత పట్టు వదిలింది. గడ్డలు కాలేయానికి రెండు వైపులా ఉన్నాయి కాబట్టి కోసి తీసేయడానికి లేదన్నారు. పోయిన మంగళవారం హైదరాబాద్‌లో కుడి వైపుకు మందు పూసలు ఎక్కించారు. బీడ్స్ అంటారు. పూసలు అనగానే మీ అమ్మ నల్లపూసలంత ఉంటాయేమో, లోపల గుచ్చుకోవా అని భయపడ్డది. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు, కొంచెం అటూ ఇటూ. వాటికి ఇరినోటెకాన్ మందు పట్టిస్తారు. గజ్జ దగ్గర ధమనిలోంచి సన్న గొట్టం పోనిచ్చి, గడ్డకు రక్తం పోయే కొమ్మ దాకా తీసుకెళ్లి అక్కడ వదులుతారు.

తోటలో డ్రిప్పు వేసుకున్నవాణ్ణి కాబట్టి నాకిది తొందరగానే అర్థమైంది. డ్రిప్పులో ఇసుక పలుకు ఇరికితే ఆ ఒక్క చెట్టే వాడుతుంది, పక్క బత్తాయికి ఏమీ కాదు. పూస కూడా గడ్డకు పోయే దారిలో ఇరుక్కుని దాన్ని ఎండగడుతుంది, తనలోని మందును మెల్లమెల్లగా అక్కడే వదులుతుంది. మరి కాలేయం కూడా ఎండిపోదా అని అడిగాను. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుందట. ఇంచుమించు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిరలో, మిగతాది ధమనిలో. గడ్డలు మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతాయి. మన తోటకు కాలువ నీళ్లూ, బోరు నీళ్లూ ఉన్నట్టే. బోరు ఆగినా కాలువ పారితే తోట నిలుస్తుంది. అందుకే ఆ సిర మూసుకుపోలేదని స్కాన్‌లో, కామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్ పెరగలేదని రక్త పరీక్షలో చూసుకున్నాకే చేస్తామన్నారు.

పూర్తి మత్తు ఇవ్వలేదు. గజ్జ దగ్గర మాత్రం తిమ్మిరి సూది వేశారు. రంగు మందు వదలగానే ఒళ్లంతా వేడి పాకింది, తెర మీద నల్లటి కొమ్మలు విచ్చుకున్నాయి. ఆకు రాలిన చెట్టు లాగా ఉంది, నా కాలేయమే అది. పూసలు వదులుతుంటే కుడి డొక్కలో మొదలైన నొప్పి భుజం దాకా వచ్చింది. నొప్పి వస్తే చెప్పండి, ఓర్చుకోకండి అని ముందే అన్నారు. అయినా నేను పళ్లు బిగబట్టి ఊరుకున్నా. నర్సు నా పిడికిలి చూసి కనిపెట్టింది. “పెద్దాయనా, చెప్పకపోతే మాకెట్లా తెలుస్తుంది?” అంది. మందు వేశాక తగ్గింది. ఆ మాట అనేటప్పుడు అక్కడ నువ్వే నిలబడి అడిగినట్టు అనిపించింది నాకు.

ఆరు గంటలు కాలు కదపకుండా పడుకున్నా. ఆ రాత్రి 101 జ్వరం, వాంతులు. మూడు రోజులు అన్నం వాసన పడలేదు, జావ తాగి ఉన్నా. గడ్డ చచ్చేటప్పుడు ఇట్లా అవుతుందని ముందే చెప్పారు. చలితో వచ్చే జ్వరం తగ్గకపోయినా, కళ్లు పచ్చబడినా వెంటనే రమ్మన్నారు. అవేమీ రాలేదు. వస్తే అదీ రాసేవాణ్ణి.

ఒక సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మొదట చూపించుకున్న ఆస్పత్రిలో నా రిపోర్టు చూసి, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే మీ అమ్మతో “ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి” అన్నారు. నా మొహం కూడా చూడలేదు. ఒళ్లు నాది, రోగం నాది, మాట మాత్రం నాతో కాదు. ఆ రోజు నా కడుపు ఎంత మండిందో నాకు తెలుసు. మళ్లీ నీ విషయంలో నేను చేసింది అదే. తప్పయింది బిడ్డా.

ఇక అసలు మాట. ఇది రోగాన్ని తీసేసే వైద్యం కాదు, అణిచి పెట్టే వైద్యం. డాక్టరమ్మ సూటిగానే చెప్పింది. పూసలు వేయించుకోకముందు ఒక రోజు నువ్వు ఫోన్‌లో, ఈ వైద్యాన్ని ఇటలీలో 74 మంది మీద పరీక్షించి 2012లో అచ్చు వేసిన ఫలితాలు చదివావు. పూసలు వేసినవాళ్లు బతికింది 22 నెలలు, నరానికి కీమో ఎక్కించినవాళ్లు 15 నెలలు అని చదివి, అక్కడే నీ గొంతు ఆగిపోయింది. ఆ లెక్క ఏందని తర్వాత డాక్టరమ్మను అడిగాను. సగం మంది అంతకన్నా ఎక్కువే బతికారన్నట్టట. 74 మంది అంటే చిన్న లెక్క అని కూడా చెప్పింది. నేను ఏ సగంలో ఉంటానో ఎవరూ చెప్పలేరు. అయినా వేయించుకోవాలనిపించింది, వేయించుకున్నా. ఎవరి బలవంతమూ లేదు.

ఈ మందుకు మూలం ఒక చైనా చెట్టని, ఆ పదార్థం పడమటి కనుమల్లోని ఒక చెట్టులోనూ ఉందని నువ్వే చెప్పావు కదా. ఆ మాట నాకు ధైర్యం ఇచ్చింది. జన్మంతా చెట్లతోనే ఉన్నవాణ్ణి.

డబ్బు కోసం రెండు గేదెలు అమ్మాం. భూమి ముట్టలేదు. నీ ఫీజు డబ్బు వేరే ఖాతాలో అట్లాగే ఉంది, దాన్ని ముట్టను. కాలేజీ ఆపి వస్తానన్న మాట మళ్లీ ఎత్తకు. నువ్వు వచ్చి కూర్చుంటే నాకు జ్వరం తగ్గదు, దిగులు పెరుగుతుంది. సెలవులకు రా, రోజూ ఫోన్ చెయ్యి, అడిగింది అడుగు. చెప్తాను.

పూత కోసం నీళ్లు ఆపి తోటను బెట్టకు పెట్టాం, వారం పది రోజుల్లో నీళ్లు వదలాలి. జనవరి మొదట్లో ఎడమ వైపుకు పూసలు ఎక్కిస్తారు. ఆ తర్వాత నెలకు స్కాన్. ఆ కవరు విప్పకుండా బీరువాలో పెడతా, మీ అమ్మకూ చెప్పాను. నువ్వు వచ్చాక ముగ్గురం కలిసి విప్పుదాం.

నీ నాయిన