ఆదివారం చర్చకు ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. ఈసారి అంశం: జీవించి ఉన్నవాళ్లలో గొప్ప నటులెవరు? పేరు ఒక్కటే పెడితే చర్చ సాగదు. పేరుతో పాటు మూడు సినిమాలు, ఒక్కో దాంట్లో ఒక సీను, అది వచ్చే నిమిషం రాయండి. మూడూ ఒకదానికొకటి పోలిక లేని పాత్రలైతే మరీ మంచిది.

కలెక్షన్లు వద్దు. అవి దర్శకుడికీ, రిలీజ్ తేదీకీ కూడా చెందుతాయి. అక్కడి నుంచే ప్రతిసారీ ఫ్యాన్ల గొడవ మొదలవుతోంది.

గొంతు ఎవరిదో తప్పకుండా చూడండి. డబ్బింగ్‌లో వేరేవాళ్ల గొంతు ఉంటే సగం నటన పోయినట్టే, మూలభాషలోనే చూడాలి.

సీనును మొదట సౌండ్ తీసేసి చూడండి, నేపథ్య సంగీతం మనల్ని మోసం చేస్తుంది. 'సాగర సంగమం'లో వానలో బావి గట్టు మీద కమల్ హాసన్ డాన్స్ అలా చూడండి. ఒళ్లు తూలుతుంది, పాదం మాత్రం తాళం తప్పదు. తర్వాత జయప్రద నుదుటి బొట్టు చెరిగిపోకుండా చెయ్యి అడ్డుపెడతాడు. ఆ చెయ్యి చాలు, నా ఓటు ఆయనకే.

అవార్డులు ఆధారమే కానీ తీర్పు కాదు. కమల్‌కీ, మమ్ముట్టికీ ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు మూడేసి సార్లు వచ్చింది. మరి వాళ్లిద్దరిలో ఎవరు ఎక్కువ?

హీరోలతోనే ఆగిపోకండి. మన తెనాలి శారద గారికి కూడా ఉత్తమ నటిగా మూడుసార్లు వచ్చింది, అందులో ఒకటి తెలుగు 'నిమజ్జనం'కి. ఆవిడ పేరు ఈ గ్రూపులో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు!

శనివారం రాత్రి 9 లోపు పంపండి.