జ్వరం సిరప్: 120 వేరు, 250 వేరు

సంపాదకులకు నమస్కారం.

పాలకొల్లులో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. వానలు పడ్డాయంటే సాయంత్రం పూట కౌంటర్ దగ్గర ఒకటే మాట: "పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉందండీ, జ్వరం సిరప్ ఇవ్వండి." థర్మామీటర్ పెట్టారా అంటే, చేత్తో చూశామంటారు. బరువెంత అంటే వయసు చెబుతారు.

ఆ బరువు గురించే ఈ ఉత్తరం. పిల్లల పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. కంపెనీ అదే, డబ్బా కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 120 సిరప్ 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. 250ది కూడా అంతే పోస్తే రెట్టింపు దాటిపోయింది! చుక్కల మందైతే మరీ గాఢం, ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 ఉంటుంది. "పోయినసారి మూత నిండా పట్టాం" అని కొత్త సీసాకీ అదే లెక్క వేస్తారు. పైగా కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాలే ఉంటుంది. రెండూ పడితే లివర్‌కి ముప్పు.

అసలు 99 చూసి టెన్షన్ పడనక్కర్లేదు. 100.4 నుంచే జ్వరం. అప్పుడు కూడా పిల్లాడు ఆడుకుంటూ, పాలు, జావ తాగుతుంటే పల్చటి బట్టలు వేసి కనిపెట్టుకుని ఉంటే చాలు. సిరప్ ఒంటి నలత తగ్గించడానికే, జబ్బును తొందరగా పంపించదు. (దుప్పటి కప్పి కిటికీలు మూసే అమ్మమ్మలతో వాదించి నేను ఎన్నడూ గెలవలేదు.) అయితే మూడు నెలల లోపు పసికందుకు 100.4 ఉంటే షాపుకి రావద్దు, నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. ఏ వయసు వాళ్ళైనా ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా, ఆయాసపడుతున్నా, ఏమీ తాగకపోయినా, ఒంటికి వెళ్ళడం తగ్గినా అంతే.

బరువు తెలియదనే బాధ కూడా లేదు. అంగన్‌వాడీలో నెలనెలా తూస్తారు. ఆ అంకె ఫోన్‌లో రాసి పెట్టుకుని షాపులో చెబితే మోతాదు సీసా మీదే రాసిస్తాం.

సీసా మీద మందు పేరు ఎంత పెద్దగా ఉంటుందో, 120, 250 అంకెలు కూడా అంత పెద్దగా ఉండాలని ఔషధ నియంత్రణ అధికారులు కంపెనీలకు చెప్పాలి. నాలాంటి చిల్లర దుకాణదారు అడిగితే కంపెనీ ప్రతినిధి నవ్వి ఊరుకుంటున్నాడు.

– ఒక ఫార్మసిస్టు, పాలకొల్లు