మెకానిక్ షెడ్డులో మోగిన రేడియో

హంట్స్‌విల్, అలబామా

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్‌లకి ముక్కలు ముక్కలుగా జవాబివ్వడం నా వల్ల కాక ఉత్తరమే రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

మొన్న శనివారం కారు ఏసీ మొరాయించింది. ఇక్కడి ఉక్కపోత బాపట్లకేం తీసిపోదు. దగ్గర్లో ఒక నల్లజాతి పెద్దాయన షెడ్డు ఉంటే తీసుకెళ్లా. బానెట్ కింద తల పెట్టి పని చేస్తున్నవాడల్లా ఉన్నట్టుండి నన్ను మాట్లాడొద్దని చెయ్యెత్తాడు. రేడియోలో చావు కబుర్లు చదువుతున్నారు. ఫలానా ఆవిడ, ఫలానా చర్చి, ఫలానా టైముకి భూస్థాపన. తెలిసిన పేరే అయ్యుంటుంది, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని టోపీ తీశాడు. వెంటనే చప్పట్లతో గాస్పెల్ పాట, అదే నల్లజాతి చర్చిల భక్తి పాట, అందుకుంది. టోపీ పెట్టుకుని మళ్లీ పానా పట్టుకున్నాడు. నాకు మాత్రం మీ పెదనాన్నగారి అరుగు కళ్ల ముందు కదిలింది.

ఆ స్టేషన్ పేరు డబ్ల్యూఈయూపీ. ఏసీ సంగతి వదిలేసి దాని కథలో పడ్డా. 1958 మార్చిలో లెరాయ్ గారెట్, వయోలా గారెట్ అనే దంపతులు మొదలుపెట్టారు. ఆఫీసూ స్టూడియో అన్నీ ఒక చిన్న ట్రెయిలర్‌లోనే. అలబామా మొత్తంలో నల్లజాతివాళ్ల సొంత రేడియో స్టేషన్ అదే మొదటిది. ఆ కాలం ఎలాంటిదో చూడు. సరిగ్గా అంతకు ముందు జనవరి 31న అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1 ఎగిరింది. ఆ రాకెట్ వెనక ఉన్నది ఈ ఊరి ఇంజినీర్లే. ఆకాశంలోకి దారి వేసిన అదే ఊళ్లో, హోటల్ కౌంటర్ దగ్గర తెల్లవాళ్ల పక్కన కూర్చుని కాఫీ తాగే హక్కు నల్లవాళ్లకి లేదు. దానికోసం 1962 జనవరిలో కుర్రాళ్లు ఆ కౌంటర్ల దగ్గరే బైఠాయించాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో మొగుడూ పెళ్లాం కలిసి సొంతంగా ఓ స్టేషన్ పెట్టారంటే ఎంత గుండె ఉండాలి!

మొదట్నించీ అన్నీ భక్తి పాటలే అనుకునేవు. బ్లూస్, సోల్ లాంటి నల్లజాతివాళ్ల మామూలు పాటలూ వేసేవారు. ఇప్పుడు 1700 ఏఎం మీద గాస్పెల్, వాళ్లదే ఎఫ్‌ఎం మీద కుర్రకారు పాటలు. ఆదివారం మందిరానికీ శనివారం రాత్రికీ ఒకే ఇంటివాళ్లు అన్నమాట! 1987లో చేతులు మారింది. కొన్నదీ ఒక జంటే, హండ్లీ బ్యాట్స్, వర్జీనియా కేపుల్స్. ఆవిడ ఇక్కడి అలబామా ఏ అండ్ ఎం యూనివర్సిటీలో పెద్ద హోదాలో పనిచేసింది. పెద్ద కంపెనీలు దేశమంతా స్టేషన్లను గంపగుత్తగా కొనేస్తున్న కాలంలో ఇది ఒక ఇంటి చేతిలోనే నిలబడింది. నాకు నచ్చింది అదే. ఎక్కడో న్యూయార్క్‌లో కూర్చున్న మేనేజర్‌కి ఈ పేటలో ఎవరు పోయారో ఏం పడుతుంది?

ఇప్పుడు మన సంగతి. మీ పెదనాన్నగారు సాయంత్రం కాగానే అరుగు మీద స్టూలేసి, ఆ బండ రేడియో ముల్లు వెంట్రుకవాసి జరుపుతూ విశ్వవాణి అనే క్రైస్తవ ప్రసారం కోసం వెతికేవారు గుర్తుందా? గురగుర మధ్యలోంచి "వందనాలు" అని వినపడగానే మనిద్దరి నెత్తినా ఒక్కోటి మొట్టి నోళ్లు మూయించేవారు. అది విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వస్తోందనుకునేవాణ్ణి. ఆ మాట వచ్చింది సముద్రం అవతల శ్రీలంక పుత్తలం నుంచి. ఫెబా అనే ఇంకో క్రైస్తవ రేడియో వాళ్లదైతే ఇంకా దూరం, సీషెల్స్ దీవుల నుంచి! విశ్వవాణి చీకటి పడ్డాకే స్పష్టంగా ఎందుకు వినపడేదో కూడా ఇప్పుడు తెలిసింది. మీడియం వేవ్ తరంగాల్ని పగలు ఆకాశంలో పైనున్న ఒక పొర మింగేస్తుందట. రాత్రి ఆ పొర పలచబడితే ఇంకా పై పొరకి తగిలి దూరాన దిగుతాయి.

మన దగ్గర ఇలా ఇంటి రేడియో పెడదామన్నా కుదరదు. ఎఫ్‌ఎం లైసెన్సు మత సంస్థలకివ్వరు. కమ్యూనిటీ రేడియోని 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకి ఇస్తున్నా వ్యక్తులకి ఇవ్వరు. ఏ మతానికీ మైకు ఇవ్వకపోవడమే మంచిదని నువ్వు వాదిస్తావు, తెలుసు. సగం ఒప్పుకుంటా. కానీ తెనాలి వార్త తెనాలి వాళ్లే చదివితే ఎలా ఉండేదో అనిపిస్తుంది. పుత్తలం నుంచి వచ్చే గొంతుకి మన వీధిలో ఎవరు పోయారో తెలియదు కదరా.

ఏసీ బాగైంది. పెద్దాయన తక్కువే తీసుకున్నాడు. కారులో ముల్లు 1700 దగ్గరే వదిలేశా. అన్నట్టు, పెదనాన్నగారి రేడియో ఇంకా అటక మీదే ఉందా? ఉంటే ముందు వెనక మూత తెరిచి ఆ ఎర్ర బ్యాటరీలు తీసెయ్. ఈపాటికి కారిపోయి స్ప్రింగులకి చిలుం పట్టేసుంటుంది.

నీ
బావ