వార్షిక నివేదిక 2024–25: నంది కొండల చెంతకు చేరిన మన సభ్యులు

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుండి 2025 మార్చి వరకు సంఘం చేపట్టిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాము. ఆడిట్ పూర్తయిన జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాము.

ఉత్తర బెంగళూరులోని యలహంక, హెబ్బాళ పరిసరాల తెలుగువారి కోసం ఏర్పడిన మన సంఘంలో, కొన్నేళ్ళుగా నంది కొండల దగ్గరి చిక్కబళ్ళాపురానికి తరలిపోతున్న కుటుంబాలు పెరుగుతున్నాయి. దేవనహళ్ళి వద్ద 2008లో విమానాశ్రయం మొదలయ్యాక, దాని వెన్నంటి వచ్చిన ఏరోస్పేస్ పార్కులోనూ గోదాముల్లోనూ హోటళ్ళలోనూ పనిచేసేవారికి, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి నగరంలో ఇల్లు చేరడం కంటే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోవడమే సుఖమనిపించడంలో వింతేమీ లేదు. 2007లో కోలారు నుండి విడివడిన కొత్త జిల్లాకు కేంద్రమైన ఆ ఊళ్ళో అద్దెలు నగరంలో కంటే తక్కువ, గాలి చల్లన, బజారులో తెలుగు చెల్లుతుంది. అయితే రాత్రి పడుకోవడానికి మాత్రమే చేరుకునే చోటుగా ఆ ఊరిని చూసినంత కాలం అక్కడి కష్టసుఖాలు మనవి కావని కార్యవర్గం అభిప్రాయపడింది. ఈ ఏటి పనిలో అధిక భాగం నీటి చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

పెన్న, పాలారు, అర్కావతి, చిత్రావతి నదులకు నంది కొండల ప్రాంతమే పుట్టినిల్లు. నెల్లూరు సభ్యులు తమ ఊరి పెన్న ఇక్కడ పుడుతుందని విని సంబరపడతారు గాని, ఆ పుట్టింట్లో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. పట్టణానికి జక్కలమడుగు జలాశయం నుండి నీరు అందుతున్నా, కొత్త లేఅవుట్లలో చాలా చోట్ల బోరు లేదా ట్యాంకరే దిక్కు. బోర్లు లోతుకు పోయిన కొద్దీ కొన్ని చోట్ల ఫ్లోరైడు ఎక్కువగా తగులుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

అందుచేత సభ్యుల ఇళ్ళ బోరు నీటిని పరీక్ష చేయించే శిబిరం నిర్వహించాము. ఒక తల్లిగారు సీసాతో పాటు తమ ఇంటి స్టీలు గిన్నెను కూడా సంచిలో పెట్టుకుని వచ్చి, అడుగున సున్నం కొట్టినట్టు పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి చూపిస్తూ, ఫ్లోరైడు అంటే ఇదే కదా నాయనా అని అడిగారు. ఆ పొర కాల్షియం, మెగ్నీషియం లవణాలదని, ఫ్లోరైడు కంటికి కనబడదని, నాలుకకు తెలియదని, నీటిని కాచినంత మాత్రాన పోకపోగా ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుందని పరీక్షకు వచ్చిన నిపుణులు వివరించినప్పుడు, కాచి చల్లార్చిన నీరే తాగుతున్నామని ధీమాగా ఉన్న పలువురు సభ్యులు ఆలోచనలో పడ్డారు. ఫలితాలను ఆయా ఇళ్ళవారికే అందజేశాము. ఆర్వో యంత్రం పెట్టించుకున్నవారు, అది వదిలేసే నీటిని తాగకుండా, కాలువ పాలు చేయకుండా, కడగడానికి వాడుకోవాలని మనవి.

హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధి చేసి, పంపుల ద్వారా చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు ఎత్తిపోసే పథకంపై ఒక చర్చా సభ జరిపాము. పట్టణం పక్కనున్న కందవార చెరువు కూడా ఈ పథకం కింద నీరందుకున్నదే. భూగర్భ జలాలు పెరగడానికి ఉద్దేశించిన ఈ నీటికి రెండో దశ శుద్ధి చాలదని, మూడో దశ కూడా జరపాలని జిల్లాలో చాలామంది ఎప్పటి నుండో కోరుతున్నారు. హెబ్బాళలోని సభ్యుడు స్నానం చేసి వదిలిన నీళ్ళే చిక్కబళ్ళాపురం సభ్యుడి బోరు పక్కకు చేరుతున్నాయి కనుక మన సంఘానికి ఇంతకు మించిన బంధుత్వం అక్కరలేదని ఒక పెద్దాయన అంటే సభంతా నవ్వింది గాని, అందులో అబద్ధమేమీ లేదు. మూడో దశ శుద్ధి కోరే వినతిపత్రంపై ఇరువైపుల సభ్యులూ సంతకాలు చేశారు.

స్థలాలు కొనేవారి కోసం న్యాయవాదుల సలహా సదస్సు ఏర్పాటు చేశాము. కొండ కనబడుతుందన్న మాటకే అడ్వాన్సు ఇచ్చేసే అలవాటు మనవాళ్ళలో బలంగా ఉంది. పంచాయతీ పరిధిలోని సైటుకు ఈ-స్వత్తులో (పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ రికార్డు) ఫారం 9, 11ఎ పత్రాలు ఉన్నాయా, లేక 11బి పత్రం మాత్రమే ఉందా అన్నది చూడాలని, భూమి మార్పిడి ఉత్తర్వు, లేఅవుట్ ఆమోదం, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) పరిశీలించాకే మాట ఇవ్వాలని వక్తలు గట్టిగా చెప్పారు. దగ్గరలో క్వారీ, క్రషర్ ఉన్నాయేమో పగటిపూట వెళ్ళి చూడాలని కార్యవర్గం మాటగా చేర్చాము. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి వద్ద క్వారీల్లో వాడే జిలెటిన్ పేలుడు పదార్థం పేలి ఆరుగురు మరణించింది ఈ జిల్లాలోనే.

ఈ రికార్డులన్నీ కన్నడంలో ఉంటాయి. సంతలో తెలుగు చెల్లుతుంది గాని తాలూకా కచేరీలో చెల్లదు. అందుకని పిల్లల ఆదివారం తెలుగు తరగతులకు తోడు పెద్దలకు కన్నడం చదవడం, రాయడం నేర్పే తరగతులు ప్రారంభించాము. లిపులు దగ్గరివి కావడంతో చదవడం త్వరగానే పట్టుబడుతోంది. హాజరు మాత్రం పిల్లలదే మెరుగ్గా ఉందని చెప్పక తప్పదు.

సెప్టెంబరు 15న ముద్దేనహళ్ళిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సమాధిని దర్శించాము. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం రూపొందించిన ఆ ఇంజనీరు ఇంటిపేరు గిద్దలూరు సమీపంలోని మోక్షగుండం అనే ఊరిదని తెలిసి, గిద్దలూరు వైపు సభ్యులు మరికాస్త సేపు అక్కడే నిలబడ్డారు. విశ్వావసు ఉగాదిని మార్చి 30న కన్నడ ఇరుగుపొరుగు కుటుంబాలతో కలిసి పంచాంగ శ్రవణంతో జరుపుకున్నాము.

యలహంక మీదుగా చిక్కబళ్ళాపురానికి నడిచే మెము రైళ్ళ వేళలు షిఫ్టు ఉద్యోగులకు కుదిరేలా మార్చాలని ఇచ్చిన వినతికి ఇంకా జవాబు రాలేదు.

వచ్చే ఏడాది నుండి కార్యవర్గ సమావేశాలను ఒకసారి యలహంకలో, మరుసారి చిక్కబళ్ళాపురంలో జరపాలని, అక్కడి సభ్యులకు కార్యవర్గంలో రెండు స్థానాలు కేటాయించాలని నియమావళికి సవరణ ప్రతిపాదిస్తున్నాము. సవరణ ప్రతి ఈ నివేదికకు జతపరచబడింది. అభ్యంతరాలున్నవారు సర్వసభ్య సమావేశానికి వారం ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయగోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి