రేడియేషన్ రక్షణ పరిశోధనకు ఆగని నిధులు ఇవ్వండి

పరిశోధనలకు నిధులు కేటాయించే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రేల సాయంతో గుండె రక్తనాళాల్ని పరీక్షించి చికిత్స చేసే గదిలో, టెక్నీషియన్‌ని. రోజూ సీసం ఏప్రన్ వేసుకుని, ఛాతీ దగ్గర చిన్న బ్యాడ్జి తగిలించుకుని లోపలికి వెళ్తాను. నాకు ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జి లెక్క కడుతుంది. ఎంతవరకు ఫర్వాలేదో చెప్పాల్సింది మాత్రం పరిశోధనే.

కంట్లోని కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) దాకా భయం లేదని చాలాకాలం నమ్మాం. 2011లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ఆ పరిమితిని, ఐదేళ్ల సగటు మీద, ఏడాదికి 20కి తగ్గించమంది. అనుకున్నదానికంటే తక్కువ మోతాదుకే శుక్లాలు వస్తున్నాయని పరిశోధనల్లో తేలింది మరి. అవే జరక్కపోయి ఉంటే, సీసపు కళ్లద్దాలు పెట్టుకోమని మాకు అంత గట్టిగా ఎవరు చెప్పేవారు?

హిరోషిమా, నాగసాకి బాధితుల ఆరోగ్యాన్ని 1950 నుంచి ఇప్పటికీ గమనిస్తూనే ఉన్నారు. రేడియేషన్ వల్ల క్యాన్సర్ బయటపడటానికే పదీ ఇరవై ఏళ్లు పట్టొచ్చు. అలాంటి పనికి రెండు మూడేళ్ల గ్రాంటు ఏ మూలకు? మధ్యలో డబ్బు ఆగితే రికార్డులు తెగిపోతాయి, పని నేర్చుకున్నవాళ్లు వేరే దారి చూసుకుంటారు. మళ్లీ మొదలుపెట్టినా ఆ ఏళ్లు తిరిగి రావు.

ఇదివరకు సీటీ గదిలో చేసేటప్పుడు, పిల్లల్ని స్కాన్‌కి తెచ్చిన తల్లులు టెన్షన్‌తో అడిగేవారు, “ఏమీ కాదు కదండీ?” అని. తక్కువ మోతాదుల సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. “అవసరమైంది కాబట్టే తీస్తున్నామమ్మా” అనేవాణ్ణి.

వచ్చే బడ్జెట్‌లో ఈ పరిశోధనకు కనీసం పదేళ్లు ఆగకుండా నిధులు అందేలా చూడండి.

ఇట్లు,
ఒక క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్