మట్టిబాట కారు కిట్: ముందు విడిభాగాల సంగతి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కానుకల వ్యాసంలో రేడియో కంట్రోల్‌తో నడిచే మట్టిబాట కార్ల ప్రస్తావన చూసి సంతోషించాను. అయితే వ్యాసకర్త ఆ కార్లన్నిటినీ గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతాయన్న ఒక్క కొలతతోనే బేరీజు వేశారు. బిగించి సిద్ధంగా అమ్మే కార్లకూ, విడిభాగాలుగా పెట్టెలో వచ్చి మనమే కూర్చుకోవలసిన కిట్లకూ ఉన్న తేడా ఆ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. పాలిటెక్నిక్‌లో చాలాకాలం వర్క్‌షాపు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తర్వాత ఈ కిట్లు బిగించడమే కాలక్షేపంగా పెట్టుకున్నవాణ్ణి కనుక, కిట్ ఎంపిక గురించి కొన్ని మాటలు రాయడానికి సాహసిస్తున్నాను.

మొదటిసారి కిట్ కొనేవారు దుకాణదారును అడగవలసిన ప్రశ్న ఒక్కటే అని నా అభిప్రాయం: ఈ కారులో ముందుగా విరిగేది ఏది, అది విడిగా దొరుకుతుందా? మట్టిలో, కంకర మీద పరుగెత్తే కారు ఏదో ఒకనాడు గోడకో గట్టుకో కొట్టుకోక మానదు. ఆ దెబ్బ సాధారణంగా ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే సస్పెన్షన్ ఆర్మ్ మీదనో, చక్రాన్ని తిప్పే స్టీరింగ్ నకిల్ మీదనో పడుతుంది. రెండూ అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్కలే. పేరున్న కిట్ల తయారీదారులు మాన్యువల్ చివర ప్రతి భాగానికీ నంబరు వేసి ఆ ముక్కలను విడిగా అమ్ముతారు. పేరూ ఊరూ లేని కార్లకు ఆ సదుపాయం ఉండదు కాబట్టి చిన్న ముక్క విరిగితే కారు మొత్తం అటకెక్కుతుంది.

ఉదాహరణకు, ఈ రంగంలో అందరికీ తెలిసిన జపాన్ సంస్థ టామియానే తీసుకుందాం. షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన ఆ సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో రేడియో కంట్రోల్ కార్లలోకి వచ్చింది. 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే ఇసుక బగ్గీలను (ఇసుకలో, మట్టిలో పరుగెత్తే తరహా కార్లను), 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ అనే రెండు చవక బగ్గీలను విడుదల చేసింది. ఈ చివరి రెండింటినీ 2000 తర్వాత మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. నలభై ఏళ్ల నాటి రూపకల్పన కదా అని వాటిని తీసిపారేయడానికి లేదు. పాత నమూనాను మళ్లీ తయారు చేస్తున్నారంటే దాని విడిభాగాలనూ మళ్లీ తయారు చేస్తున్నారనే అర్థం. కొనేవాడికి అంతకన్నా కావలసింది ఏముంది?

అదే 1984లో అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ సంస్థ బంగారు రంగు అల్యూమినియం ఛాసిస్‌తో ఆర్‌సీ10 అనే బగ్గీని తెచ్చింది. మరుసటి ఏడాది జరిగిన మట్టిబాట కార్ల తొలి ప్రపంచ పోటీల్లో రెండు చక్రాల డ్రైవ్ (మోటారు రెండు చక్రాలనే తిప్పే) విభాగంలో గెలిచింది ఆ కారే. పందెం కోసం పుట్టిన ఆ ఒరవడిలో వచ్చిన కిట్లను నేటికీ పోటీదారులు ఇష్టంగా కొంటారు. కానీ ఆ తరహా పెట్టెల్లో చాలావాటిలో మోటారు ఉండదు, కొన్నిటిలో టైర్లు కూడా ఉండవు, స్క్రూ తిప్పిన ప్రతిచోటా ఒక సర్దుబాటు ఉంటుంది. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేనివారికి ఆ ఖర్చు దండగ.

ఇక కారు స్వభావం సంగతి. గ్రాస్‌హాపర్, హార్నెట్ రెండూ వెనుక చక్రాలతో నడిచేవే, ఇంచుమించు ఒకే ఛాసిస్ మీద కట్టినవే. మొదటిదానిలో 380 తరగతి చిన్న మోటారు, రెండోదానిలో 540 తరగతి పెద్ద మోటారు ఉంటాయి. రెండింటిలోనూ వెనుక గేర్‌బాక్సు, మోటారు, ఇరుసు కలిసి ఒకే ముద్దగా పైకీ కిందికీ ఊగుతాయి కాబట్టి గతుకుల మీద కారు ఎగిరెగిరి పడుతుంది. చూడడానికి అది సరదాగానే ఉంటుంది, తిన్నగా నడపడం మాత్రం కష్టం. టామియావారి డీటీ-03 ఛాసిస్ మీద వచ్చే నియో ఫైటర్ బగ్గీలో నాలుగు చక్రాలకూ విడివిడిగా సస్పెన్షన్ ఉంటుంది కనుక గతుకుల్లో నిలకడ ఎక్కువ. వారి టీటీ-02 ఛాసిస్ మీద వచ్చే టీటీ-02బీ బగ్గీ ఇంకో మెట్టు పైది: మధ్యలో పొడవాటి షాఫ్టు, ముందూ వెనకా డిఫరెన్షియల్ (మలుపులో ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక), నాలుగు చక్రాల డ్రైవ్. దాని చక్రాలు 12 మిల్లీమీటర్ల హెక్స్ (ఇరుసు చివర ఉండే ఆరు పలకల ముక్క) మీద కూర్చుంటాయి. ఈ కొలత చాలా కంపెనీలకు ఉమ్మడిది కాబట్టి టైర్ల కోసం ఒకే సంస్థను పట్టుకుని వేళ్లాడనక్కరలేదు.

వదులు మట్టి, గడ్డి ఉన్న చోట నాలుగు చక్రాల డ్రైవ్ పట్టు బాగుంటుందన్నది నిజమే. అయినా పన్నెండేళ్ల పిల్లవాడితో కలిసి మొదటి కిట్ బిగించే తండ్రికి నేను వెనుక చక్రాల డ్రైవ్ బగ్గీనే సూచిస్తాను. శుభ్రం చేయవలసిన గేర్లు తక్కువ, దుమ్ము దూరే సందులు తక్కువ, ఏదైనా శబ్దం వస్తే ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం సులువు. మా వరంగల్ వైపు ఎర్రమట్టి ఎండాకాలంలో పిండిలా లేస్తుంది. అది గ్రీజుతో కలిసిందంటే గేర్ల పళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది.

పెట్టె మీది ధర చూసి లెక్క వేసుకునేవారికి ఇంకో హెచ్చరిక. టామియా కిట్లలో ఛాసిస్, బాడీ, టైర్లు, మోటారు మామూలుగా ఉంటాయి. ట్రాన్స్‌మిటర్, రిసీవర్, స్టీరింగ్ తిప్పే సర్వో, బ్యాటరీ, ఛార్జరు విడిగా కొనాలి. మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ కొన్ని పెట్టెల్లో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఆ విషయం పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పోలికార్బొనేట్ బాడీ అయితే దానికి ప్రత్యేకమైన రంగు కావాలి, అదీ లోపలివైపు నుంచి వేయాలి. ఇవన్నీ కలిపితే కిట్ ధరకు దాదాపు సమానమైన మొత్తం మళ్లీ బయటికి వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు. అందులో మిగుల్చుకోవాలనుకుంటే చవక ట్రాన్స్‌మిటర్‌తో సరిపెట్టుకోవచ్చు గానీ బాల్ బేరింగుల దగ్గర పిసినారితనం పనికిరాదు. టీటీ-02 వంటి ఛాసిస్‌లతో బేరింగుల బదులు వచ్చే ప్లాస్టిక్ బుష్‌లు (ఇరుసు తిరిగే చోట ఉండే రింగులు) దుమ్ములో తొందరగా అరిగి వదులవుతాయి. 11 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బేరింగులను బిగించేటప్పుడే వేసుకుంటే కారును మళ్లీ విప్పే శ్రమ తప్పుతుంది.

పనిముట్ల విషయంలో మన మెకానిక్కులకు తెలిసిన రహస్యం ఒకటుంది. జపాన్ కిట్లలోని ప్లస్ స్క్రూలు జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటి గాడిలో పూర్తిగా కూర్చోక జారి తల చెడగొడుతుంది. జపాన్ మోటారుసైకిళ్ల కార్బురేటర్ విప్పినవారికి ఇది అనుభవమే. జపాన్ ప్రమాణపు స్క్రూడ్రైవరు ఒకటి కొనుక్కుంటే పని సాఫీగా సాగుతుంది. ఒకసారి తీసిన స్క్రూను ప్లాస్టిక్‌లోకి మళ్లీ ఎక్కించేటప్పుడు ముందు దాన్ని వెనక్కి తిప్పాలి. పాత మరలో పడగానే టక్కున చిన్నగా కిందికి దిగుతుంది, అప్పుడు ముందుకు బిగించాలి. అలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుని, కొన్నాళ్లకు రంధ్రం పట్టు కోల్పోతుంది.

కిట్‌లో అన్నిటికన్నా విలువైన భాగం నా దృష్టిలో డిఫరెన్షియల్. టీటీ-02లో నక్షత్రం ఆకారపు ఇరుసుకు మూడు చిన్న గేర్లు తొడిగి, వాటికి అటూ ఇటూ రెండు పెద్ద గేర్లు పెట్టి, గ్రీజు రాసి మూత వేయాలి. మూత బిగించాక డిఫరెన్షియల్ బయటి గుండ్రటి గేరును కదలనివ్వకుండా వేళ్లతో పట్టుకుని ఒక పక్క ఇరుసు తిప్పితే రెండో పక్కది ఎదురుదిశలో తిరుగుతుంది. తరగతి గదిలో నల్లబల్ల మీద గంటసేపు బొమ్మ గీసినా అర్థం కాని సంగతి అప్పుడు పిల్లవాడికి చేతివేళ్లకే తెలుస్తుంది. బిగించి సిద్ధంగా వచ్చే కారులో ఈ భాగం మూసి ఉన్న పెట్టెలోనే ఉండిపోతుంది.

మీ వ్యాసం పూర్తిగా వదిలేసిన విషయం బ్యాటరీ. మొదటి కారుకు 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ చాలు. లిథియం పాలిమర్ బ్యాటరీ తేలిక, శక్తి ఎక్కువ, కానీ మొండిది. ఒక్కో సెల్‌ను 4.2 వోల్టులు దాటి ఛార్జ్ చేయకూడదు, దాదాపు 3 వోల్టుల కంటే కిందికి దిగనివ్వకూడదు. ఛార్జింగ్ పెట్టి వదిలేసి పోకూడదు, ఉబ్బినదాన్ని మళ్లీ వాడకూడదు, నికెల్ బ్యాటరీ ఛార్జరుతో దాన్ని ఛార్జ్ చేయనే కూడదు. హాబీవింగ్ 1060 వంటి స్పీడ్ కంట్రోలర్ల మీద బ్యాటరీ రకాన్ని ఎంచుకునే చిన్న జంపర్ (పిన్నుల మీద తొడిగే ముక్క) ఉంటుంది. దాన్ని సరైన చోట పెట్టకపోతే వోల్టేజి మరీ పడిపోకముందే మోటారును ఆపి బ్యాటరీని కాపాడే కటాఫ్ సరిగా పనిచేయదు. పిల్లలకు కానుకగా ఇమ్మని చెప్పే వ్యాసంలో ఈ నాలుగు వాక్యాలకు చోటు ఉండవలసింది.

చివరిగా, విదేశాల నుంచి తెప్పించుకోవడం గురించి. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోసం తయారైన బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కిట్‌ను కస్టమ్స్‌వారు బొమ్మల పద్దులో వేస్తే లెక్క తలకిందులవుతుంది కనుక ఆర్డరు పెట్టే ముందే ఆనాటి రేటు విచారించుకోవాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు రేడియో విషయంలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్టునే కోరాలి; అది మన దేశంలోనూ లైసెన్సు అక్కరలేని బ్యాండే. అక్కడి పాత కార్లతో వచ్చే 75 మెగాహెర్ట్జ్ సెట్ల జోలికి పోవద్దు. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తేవాలి. 7.4 వోల్టుల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 37 వాట్-అవర్లు మాత్రమే, విమానాల్లో ముందస్తు అనుమతి అక్కరలేని 100 వాట్-అవర్ల పరిమితికి చాలా లోబడే ఉంటుంది. అయినా కిట్ వాళ్ల చేత తెప్పించుకుని, బ్యాటరీ ఇక్కడే హైదరాబాదులో కొనుక్కోవడం అందరికీ సుఖం.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
హనుమకొండ.