పశువుల నొప్పి సూది: నిషేధం ఊరి దాకా రావాలి

సంపాదకులకు నమస్కారం.

పశువులకు నిమెసులైడ్ అనే నొప్పి మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో నిషేధించింది. 2023 జులైలో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ మీద, అంతకు చాలా ముందు 2006లో డైక్లోఫెనాక్ మీద ఇలాంటి ఉత్తర్వులే వచ్చాయి. ఈ నాలుగూ రాబందుల ప్రాణం తీస్తాయని తేలింది కాబట్టే ఆపారు. సంతోషమే. కానీ ఢిల్లీలో ఉత్తర్వు వెలువడినంత మాత్రాన మా ఆసిఫాబాద్ జిల్లాలో ఒక పాడి రైతు కొట్టంలో సూది మారిపోదు. పశువులతోనే బతుకుతున్నవాడిగా ఈ విషయం ప్రభుత్వం దృష్టికి, తోటి రైతుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పశువుకు నొప్పి మందే వద్దని నేను అనడం లేదు. పొదుగువాపు వచ్చిన బర్రె పొదుగు మీద చెయ్యి పడనివ్వదు. గాలికుంటు సోకి గిట్టల మధ్య పుండ్లు పడ్డ ఎద్దు అడుగు తీసి అడుగు వెయ్యలేదు. కష్టంగా ఈనిన ఆవు దూడను నాకడానికి కూడా లేవదు. పశువు తన నొప్పిని వీలైనంత వరకు బయటపడనివ్వదు. మేత తగ్గించి ఓ మూలకు నిలబడుతుంది, చెవులు వాల్చేస్తుంది, పళ్లు కొరుకుతుంది. మనం గమనించేసరికే అది చాలా బాధ పడి ఉంటుంది. ఆ బాధ తీర్చడం మన బాధ్యత. తీరిస్తే మేత తింటుంది, పాలు నిలుస్తాయి. కాబట్టి మందు ఇవ్వాలి. ఏ మందు, ఎవరు, ఎంత ఇస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

రాబందుల సంగతి మరిచిపోయినవాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో రాబందులు గుంపులుగా చనిపోతున్నాయని శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. కారణం మాత్రం 2004లో తెలిసింది. పాకిస్తాన్ పంజాబ్‌లో చనిపోయిన రాబందులను లిండ్సే ఓక్స్ అనే శాస్త్రవేత్త బృందం కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ యాసిడ్ పేరుకుని ఉంది, మూత్రపిండాల్లో డైక్లోఫెనాక్ దొరికింది. ఆ సూది వేసిన పశువు కొద్ది రోజుల్లో చనిపోతే మందు కళేబరంలోనే ఉండిపోతుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై కొన్ని రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఇవి ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో వాలతాయి. ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. పిల్ల పెరిగి గూడు కట్టే వయసుకు రావడానికి ఐదేళ్లు పడుతుంది. పోయినవాటి లోటు పూడేది ఎప్పటికి? తెల్ల వీపు రాబందుల్లో 99 శాతానికి పైగా పదిహేనేళ్లలోనే తుడిచిపెట్టుకుపోయాయి.

ఇందులో అందరూ గుర్తు పెట్టుకోవలసిన లెక్క ఒకటుంది. రాబందులు ఇంతగా తగ్గిపోవడానికి నూరు కళేబరాల్లో కనీసం ఒక్కదాంట్లో కూడా ఆ మందు ఉండనక్కర్లేదని శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక శాతం కన్నా తక్కువే సరిపోయింది. అందుకే "ఇప్పుడు చాలామంది మానేశారు కదా" అన్న మాట నాకు ధైర్యం ఇవ్వడం లేదు. ఈ విషయంలో చాలామంది మానేస్తే చాలదు. మంచి మందు దొరకడం తేలికై, చెడ్డ మందు దొరకడం కష్టమైతేనే పని అవుతుంది. మన దగ్గర ఇప్పటికీ అంతా తలకిందులుగా ఉంది.

నిషేధం వచ్చాక కూడా 2007 నుంచి 2010 దాకా 11 రాష్ట్రాల్లో 250కి పైగా మందుల దుకాణాలను పరిశీలిస్తే 36 శాతం చోట్ల పశువుల కోసం డైక్లోఫెనాక్ దొరికింది. మనుషులకని తయారైన పెద్ద సీసాలనే పశువులకు వాడేవారు. అందుకే 2015లో మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒక్క డోసు సీసాకే పరిమితం చేశారు. కంపెనీలు కోర్టుకు వెళ్లినా మద్రాసు హైకోర్టు 2017లో ఆ నిబంధనను సమర్థించింది. బర్రెకు సరిపడా మందు కావాలంటే చిన్న సీసాలు చాలా పగలగొట్టాలి, ఖర్చు పెరుగుతుంది, మానేస్తారన్నది ఆలోచన. మంచి ఆలోచన. కానీ అప్పటికే పేరు మార్చుకున్న మందులు షాపుల్లోకి వచ్చేశాయి. అసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోగానే డైక్లోఫెనాక్‌గా మారిపోతుంది. అంటే ముందు తలుపు మూసి దొడ్డిదారి తెరిచి ఉంచినట్టే అయింది. దాన్ని మూయడానికి 2023 దాకా పట్టింది.

ఈ సంగతి మా జిల్లాకు ఇంకా దగ్గరిది. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో బయటపడింది. తెలంగాణలో అవి గూళ్లు పెట్టే చోటు దొరకడం మామూలు విషయం కాదు. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి అడవులు. తిండి కోసం పదుల కిలోమీటర్లు తిరిగే పక్షికి మండలం, జిల్లా, రాష్ట్రం అనే హద్దులు ఉండవు. గుట్టను ఎంత కాపాడినా, చుట్టుపక్కల ఊళ్లలో చచ్చిన పశువు ఒంట్లో ఏ మందు ఉందో పట్టించుకోకపోతే ఆ శ్రమంతా వృథా. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో రాబందుల పెంపక కేంద్రం ఉంది. అక్కడ పెరిగిన పక్షిని రేపు బయటికి వదలాలన్నా ఊళ్లలో విషం లేని కళేబరమే కావాలి.

పక్షుల కోసం ఇంత గొడవా అనేవాళ్లు ఉంటారు. రాబందులు పోయాక కళేబరాలు కుళ్లాయి, ఊరకుక్కలు పెరిగాయి, రేబిస్ భయం పెరిగింది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, 2000 నుంచి 2005 మధ్య రాబందులు లేనందువల్ల మన దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని అంచనా వేశారు. ఇది మన పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

మరి రైతు ఏం వాడాలి? మెలాక్సికామ్ రాబందులకు హాని చెయ్యదని 2006లోనే నిరూపించారు. టోల్ఫెనామిక్ యాసిడ్ కూడా హాని చెయ్యదని తర్వాత తేలింది. రెండూ మన దేశంలో దొరికే మందులే. అయితే "మెలాక్సికామ్ అంతగా పనిచేయదు" అనే మాట ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. సూది వెయ్యగానే పశువు లేచి నిలబడాలని ఎదురుచూస్తే ఏ మందైనా అలాగే కనిపిస్తుంది. పశువు బరువును బట్టి డోసు వెయ్యాలి, అసలు జబ్బుకు వైద్యం జరగాలి, అప్పుడు నొప్పి మందు తన పని చేస్తుంది. నీళ్లు తాగని, ఒళ్లు ఆరిపోయిన పశువుకు ఇదే మందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అది డాక్టరు చూసి చెప్పవలసిన విషయం. సూది వేశాక ఎన్ని రోజులు పాలు కేంద్రానికి పోయకూడదో మందు లేబుల్ మీద ఉండాలి. దాన్ని చదివి చెప్పేవాళ్లు మాకు కావాలి. (ఇళ్లలో కుక్కలను, పిల్లులను పెంచేవారికీ ఒక మాట: మనం వేసుకునే నొప్పి మాత్రలు వాటికి వెయ్యకండి. పిల్లికి ఒక్క పారాసెటమాల్ మాత్ర చాలు ప్రాణం పోవడానికి.)

1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయవలసింది రిజిస్టరు అయిన పశువైద్యులు. కానీ ఒక్కో డాక్టరు ఎన్నో ఊళ్లు చూస్తున్నారు. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది, అయితే అది మరో ఊళ్లో ఉంటే ఆగాల్సిందే. అర్ధరాత్రి బర్రె ఈనలేక కొట్టుకుంటుంటే దగ్గర్లో సూది వేసేవాడు ఎవరుంటే వాడినే పిలుస్తాం. అతను తన సంచిలో ఏది ఉంటే అదే వేస్తాడు. మా మండలంలోనే ఒక మెడికల్ షాపులో పశువుకు నొప్పి సూది కావాలని అడిగితే, పశువుల మందు లేదని చెప్పి మనుషుల సూదులు తీసి ముందు పెట్టారు. చీటీ అడగలేదు, బిల్లు ఇవ్వలేదు. ఆ సంచిలోకి, ఆ షాపులోకి మంచి మందు చేరే దారి ప్రభుత్వం చూడాలి. తిడితే మారే విషయం కాదిది.

ప్రతి పశువుల దవాఖానలోనూ, 1962 బండిలోనూ ఏడాది పొడవునా మెలాక్సికామ్ ఇంజెక్షన్ నిండుకోకుండా ఉంచండి. జబ్బులు ఎక్కువగా వచ్చే వానాకాలానికి ముందే ఊళ్లకు పంపండి. ఊళ్లలో పశువులకు సేవలందించే గోపాలమిత్రలకు ఒక పూట శిక్షణ ఇచ్చి, నిషేధించిన నాలుగు మందుల పేర్లు తెలుగులో ముద్రించిన కాగితం చేతిలో పెట్టండి. అదే కాగితం పాల కేంద్రం గోడ మీద, పశువుల సంతలో అంటించండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు జిల్లా కేంద్రంలోని పెద్ద షాపులతో ఆగకుండా మండలాల్లోని చిన్న దుకాణాలకు మామూలు రైతుల్లా వెళ్లి అడిగి చూడాలి. సూది వేసిన కొద్ది రోజుల్లో పశువు చనిపోతే ఊరవతల పడెయ్యకుండా లోతుగా పూడ్చాలని, దానికి గొయ్యి తవ్వే ఖర్చు పంచాయతీ భరించాలని ఆదేశాలివ్వండి. పేద రైతుకు జేసీబీ కిరాయి చిన్న మొత్తం కాదు.

రాబందులకు ప్రమాదమని తెలిసిన మరో నొప్పి మందు ఫ్లూనిక్సిన్ గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. డైక్లోఫెనాక్ వల్ల నష్టం జరిగిపోయాక నిషేధించాం, మిగతావాటికీ ఏళ్లు పట్టింది. పశువులకు ఏ కొత్త నొప్పి మందుకైనా లైసెన్సు ఇచ్చే ముందే రాబందుల మీద దాని ప్రభావం పరీక్షించాలన్న నిబంధన తెమ్మని రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు కేంద్రానికి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా